తెక్లా ఇంటిని మోసినవాళ్ళలో నేనొకణ్ణి

సాన్ గాస్పార్ కాలేజీ మెట్లెక్కగానే ఎదురు గోడకు రెండు పటాలు కనిపిస్తాయి. ఒకటి పొలికార్పో గుంబాన్‌ది, పక్కది ఆయన భార్య నియెవెస్‌ది. కింద ఇత్తడి రేకు మీద సంస్థాపకులు అని చెక్కి ఉంటుంది. నేను ముప్ఫయ్యేళ్ళు ఓడల మీద గుమాస్తాగా తిరిగినవాణ్ణి. సెబూ నుంచి పోర్ట్ సయ్యిద్ దాకా ఏ రేవులో దిగినా, ఏ బడిలోకో ఆస్పత్రిలోకో అడుగుపెట్టినా, గోడ మీద ఇలాంటి పటాలు నావైపు చూస్తూనే ఉండేవి. వాటిని చూస్తే నాకొక పాడు అలవాటు. ఈ పెద్దమనిషి మెడకు టై కట్టుకుని ఫోటోగ్రాఫర్ ముందు కూర్చున్న రోజున ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరున్నారు అని ఆలోచిస్తాను. ఆ అలవాటు నాకు సాన్ గాస్పార్‌లోనే పట్టుకుంది. అక్కడి గోడ మీద మూడో పటం లేదు. ఆ మూడో మనిషి తెక్లా గుంబాన్. ఆమె జీవితంలో ఒక్కసారి కూడా ఫోటో తీయించుకోలేదు.

సాన్ గాస్పార్‌లో ఇంటిపేర్లన్నీ ఒకే అక్షరంతో మొదలవుతాయి. స్పెయిన్ వాళ్ళ కాలంలో ఎవరో గవర్నరు ఒక పెద్ద పేర్ల పుస్తకం తయారుచేయించి, ఊరికొక పేజీ చొప్పున చింపి పంచాడట. ఈ ఊరికి 'గ' పేజీ వచ్చింది. అందుకే గుంబాన్లు, గల్యార్దోలు, గారిన్‌లు వీధికి పాతికమంది. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన చుట్టాలని ఎవరూ అనుకోరు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత మేము చేసిన పనికి ఇది బాగా ఉపయోగపడింది.

తెక్లా తండ్రి చేపలకు పోయి తుపానులో తిరిగి రాలేదు. తల్లి పోయేనాటికి తెక్లాకు పదహారేళ్ళు, తమ్ముడు పొలికార్పోకు ఇంకా ఏడాది నిండలేదు. ఆమె చేతిలో ఉన్నది ఒక మగ్గం. మా దీవి ఆడవాళ్ళు కట్టుకునే గళ్ళ చుట్టుబట్టలు నేసేది. ఆమె నేసిన ఎర్ర గళ్ళ బట్టను నీళ్ళల్లో వందసార్లు ముంచినా రంగు కారదని తీరం పొడుగునా పేరు. ఒక పడవల వడ్రంగి ఆమె కోసం ఏడేళ్ళు కాచుకున్నాడు. కార్పో హైస్కూలు అయ్యాక చూద్దాం అంది. హైస్కూలు అయ్యాక, మనీలాలో చదువు అయ్యాక చూద్దాం అంది. వడ్రంగి మిందనావో దీవికి వెళ్ళిపోయి అక్కడ ఎవరినో చేసుకున్నాడు. ఆ కబురు తెలిసిన రోజున కూడా మగ్గం చప్పుడు ఆగలేదని పక్కింటివాళ్ళు చెప్పేవారు.

ఊరంతా ఆమెను మానాంగ్ అనే పిలిచేది, అంటే అక్క అని. నేనూ అలాగే పిలిచాను. యుద్ధం అయిపోయిన మరుసటేడు, పని చేస్తున్న ఓడ మునిగి, చేతిలో నాలుగు పుస్తకాల మూటతో నేను సాన్ గాస్పార్ చేరాను. అప్పుడు నాకు ఇరవయ్యేడేళ్ళు. నన్ను ఎవరివాడివని అడగకుండా తన ఇంటి వసారాలో చాప వేసింది తెక్లా. అది వెదురు గోడలు, నీపా ఆకు కప్పు ఉన్న చిన్న ఇల్లు. నాలుగు స్తంభాల మీద మనిషెత్తున నిలబడి ఉండేది. కింద మగ్గం, మగ్గం పక్కన ఒక పందిపిల్ల. రెండేళ్ళు ఆమె వండింది తిన్నాను. ఇది గుర్తుపెట్టుకోమని చదివేవాళ్ళను కోరుతున్నాను. నేను మాత్రం మర్చిపోయాను.

పొలికార్పో మనీలాలో డిగ్రీ చేసి, అక్కడే కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, నగరపు లాయరు కూతురు నియెవెస్‌తో తిరిగి వచ్చాడు. ఇద్దరూ టీచర్లే. యుద్ధంలో కొండల్లో దాక్కుని చదువు ఆగిపోయిన పిల్లలు ఊరి నిండా ఉన్నారు. నగరానికి పోయి చదవాలంటే అక్కడ ఉండటానికి చోటు లేదు, పోవడానికి బస్సు లేదు. మనమే ఇక్కడ టీచర్ల కాలేజీ పెడదాం అన్నాడు పొలికార్పో. దారికీ నదికీ మధ్య ఉన్న తెక్లా స్థలం తప్ప వేరే చోటు లేదు. ఆమె మగ్గం మీద సంపాదించి యుద్ధానికి ముందే కొనుక్కున్న స్థలం అది. అడగ్గానే, కట్టుకో అంది. అమెరికన్ సైన్యం వదిలేసి పోయిన రేకులు తెచ్చి ఆరు గదుల పొడుగు షెడ్డు వేశాం. నేను ఇంగ్లీషు పాఠం చెప్పే మాస్టార్ని, కాగితాలు రాసే గుమాస్తాని కూడా అయ్యాను, మకాం షెడ్డులోకి మార్చాను. అనుమతి వస్తుందన్న నమ్మకంతో అరవై నాలుగు మందిని చేర్చుకున్నాం. జూన్‌లో బడి తెరిచేలోపు అనుమతి రాకపోతే వాళ్ళందరి ఏడాదీ పోతుంది. కొందరు అప్పటికే ఊళ్ళో పనులు మానేసి వచ్చారు. మనీలా నుంచి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని టెలిగ్రామ్ వచ్చింది.

ఆ సాయంత్రం ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. నియెవెస్ చెడ్డ మనిషి కాదు. భయపడ్డ మనిషి.

"దారి దిగగానే మొదట కంటపడేది ఆ గుడిసె," అంది. "కింద మగ్గం, మగ్గం పక్కన పంది. దీన్ని కాలేజీ అని ఎవరంటారు?"

"పందిపిల్లని ఫస్టియర్‌లో చేర్చుకుందాం. అరవై అయిదు అవుతారు," అన్నాడు పొలికార్పో. ఎవరమూ నవ్వలేదు.

ఇంటిని నది ఒడ్డుకు మోయించేస్తే సరిపోతుంది కదా అన్నది నేనే. లెక్క తేలిన కుర్రాడిలా అన్నాను. మా దగ్గర ఇల్లు మోయడం కొత్తేమీ కాదు. వెదురు ఇళ్ళు కాబట్టి కింద బొంగులు కట్టి ముప్ఫైమంది భుజాన వేసుకుంటే ఎక్కడికైనా పోతుంది. వాళ్ళు కూలి తీసుకోరు. ఇంటివాళ్ళు వండి పెట్టాలి, అంతే.

రెండో మాట కూడా నాదే. స్థలం తెక్లా పేరున ఉంది. ఆమెకు అక్షరాలు రావు. చదువురాని ఆడమనిషి దగ్గర స్థలం లాక్కుని కాలేజీ కట్టారని ఇన్‌స్పెక్టర్ అనుకుంటే ఎలా అని నియెవెస్ బెంగ. అప్పట్లో ఊరికి పదిమంది హవాయి చెరకు తోటల్లో పనికి వెళ్తున్నారు. స్థలం యజమానురాలు హవాయిలో ఉంది అని రాస్తే పోలేదా అన్నాను. ఆమె పేరుతో అంగీకార ఉత్తరం కూడా నేనే రాశాను, మంచి ఇంగ్లీషులో. రాస్తున్నంతసేపూ సంతోషంగా ఉన్నాను. చాలా ఏళ్ళ తర్వాత, తప్పులు ఒప్పుకున్నవాళ్ళ ఆత్మకథలు ఎన్నో చదివాను. ప్రతివాడూ తప్పు చేస్తున్నప్పుడు గుండె దడదడలాడిందని రాసుకున్నాడు. నాకలాంటిదేమీ కలగలేదు. కామాలు ఎక్కడ పెట్టాలా అని ఆలోచించాను.

ఇల్లు కదపాలని తెక్లాతో చెప్పడానికి పొలికార్పో రెండు సాయంత్రాలు వెళ్ళాడు. రెండుసార్లూ భోజనం చేసి, ఏమీ చెప్పకుండా తిరిగి వచ్చాడు. మూడోరోజు నన్ను పంపాడు. ఆమె నేస్తూనే ఉంది.

"రెండు రోజులే మానాంగ్. ఇన్‌స్పెక్టర్ వెళ్ళగానే మళ్ళీ ఎక్కడిది అక్కడే పెట్టేస్తాం," అన్నాను.

"కార్పో చెప్పమన్నాడా?"

"అవును."

"వాడికి నోరు పడిపోయిందా? రెండు రోజుల్నించీ వచ్చి తినిపోతున్నాడు. ఎదిగే పిల్లాడు, ఆకలేస్తోంది కాబోలనుకున్నా." పేక పోగు ఒకటి దాటించింది. "ఎంతమందిని పిలిచారు?"

"ముప్ఫైమందిని."

"అయితే మూడు కోళ్ళు చాలవు," అంది.

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజున నది దగ్గరే ఉండమని, హవాయి సంగతి కూడా చెప్పాను. హవాయి ఎంత దూరం అని అడిగింది. ఓడ మీద మూడు వారాలన్నాను. అంత దూరం నన్ను పంపించారన్నమాట అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఆమెకు కోపం లేదనుకుని షెడ్డుకు తిరిగొచ్చాను. మనకు ఏది వీలుగా ఉంటే అదే అర్థమవుతుంది.

మగ్గం మీద సగం నేసిన బట్ట ఉంది. మగ్గాన్ని ఇంటి స్తంభాలకు కట్టి ఉంచింది కాబట్టి ఇల్లు లేవాలంటే మగ్గం విప్పాలి, మగ్గం విప్పాలంటే పడుగు కోయాలి. నేసేవాళ్ళు ఆ పని చేయరు. చావు వచ్చినా గుడ్డ పూర్తిచేసే మగ్గం దిగుతారు. ఆదివారం పొద్దున్న తెక్లా కత్తి తెచ్చుకుని నన్ను కాస్త అవతలికి వెళ్ళమంది. వెళ్ళాను. నాకు చప్పుడు మాత్రం వినబడింది.

చర్చిలో పూజ అయ్యాక మనుషులు వచ్చారు. పడవల మేస్త్రీ మెలితోన్ ముందు నిలబడ్డాడు. బొంగులు కట్టారు, గిటారు తెచ్చారు, కొబ్బరి కల్లు కుండ చేతులు మారింది. "ఎత్తండ్రా," అన్నాడు మెలితోన్. "మెల్లగా. ఇది ఇల్లు, మీ అత్తగారు కాదు." ఎడమవైపు మూడో బొంగు కింద నేను భుజం పెట్టాను. ఇల్లు కిర్రుమని లేచింది. మా ముందు తెక్లా నడిచింది. చేతుల్లో ఆమె తల్లి పూజించిన చిన్న కొయ్య విగ్రహం. వెనక ఒక పిల్ల బియ్యం, ఉప్పు, మంచినీళ్ళు పట్టుకుంది. కొత్త చోటికి ముందు అవే చేరాలి. ఎందుకు మానాంగ్ ఈ వయసులో చోటు మార్పు అని ఎవరో బొంగు కింద నుంచి అడిగారు.

"నది గాలికి," అంది తెక్లా. "ఇక్కడ దుమ్ము."

ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు. షెడ్డు వెనక, వెదురు పొద అవతల, దారి మీంచి చూస్తే కనబడని చోట ఇంటిని దించాం. తర్వాత ఆమె వడ్డించింది. అయిదు కోళ్ళ పులుసు, అన్నం, కొబ్బరిపాలలో ఉడికిన అరటికాయ. తన ఇంటిని కళ్ళముందు లేకుండా తీసేసినవాళ్ళకి ఒక్కొక్కళ్ళకీ, చాలా ఇంకొంచెం వెయ్యనా అని అడిగి మరీ పెట్టింది. నేను రెండుసార్లు వేయించుకున్నాను.

మంగళవారం ఇన్‌స్పెక్టర్ బెల్మోంతె వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో గొడుగు, మాట నెమ్మది. కుర్చీలు ఒక్కొక్కదాని మీదా చెయ్యి వేసి చూశాడు. లైబ్రరీలో పుస్తకాలు తీసి దుమ్ము దులిపి మళ్ళీ పెట్టాడు. ప్రయోగశాలలో సీసాలో ఉన్న కప్పను చాలాసేపు చూసి, ఇది యుద్ధానికి ముందుదా తర్వాతదా అని అడిగాడు. ఖాళీ చోటు చూసి, ఇక్కడ స్తంభాల గుంటలున్నాయే అన్నాడు. జెండా కర్ర కోసం అన్నాడు పొలికార్పో. నాలుగు జెండాలా అన్నాడు బెల్మోంతె. ఇంకేమీ అడగలేదు.

తర్వాత స్థలం కాగితం తీశాడు. "తెక్లా గుంబాన్. మీ బంధువా?"

"ఈ ఊళ్ళో సగం మంది గుంబాన్లేనండి," అన్నాడు పొలికార్పో. బంధువు కాదని చెప్పలేదు, అవునని కూడా చెప్పలేదు. నా ఉత్తరం రెండుసార్లు చదివాడు బెల్మోంతె. భాష చాలా బాగుంది, ఈవిడ బాగా చదువుకున్నావిడలా ఉంది అన్నాడు. నియెవెస్ కిటికీలోంచి బయటికి చూసింది.

మధ్యాహ్నం భోజనం నియెవెస్ పనిపిల్లలు తేవాలి. కానీ కోడిపులుసు గిన్నె తెక్లా చేతిలోనే వచ్చింది. పిల్లలు చల్లార్చేస్తారని తానే తెచ్చింది. తమ్ముడింటికి వచ్చిన అతిథికి వేరేవాళ్ళ చేత పెట్టించడం ఆమెకు చేతకాలేదు. తాను నేసిన ఎర్ర గళ్ళ బట్ట కట్టుకుని, తల దువ్వుకుని, వెనక తలుపు నుంచి వచ్చింది. బెల్మోంతె పులుసు తాగి తలెత్తాడు.

"ఇంత మంచి పులుసు నేను మనీలా వదిలాక తాగలేదు. ఈవిడెవరు?"

పొలికార్పో నోరు తెరిచాడు. అతను ఏం చెప్పబోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఎందుకంటే నేను ఆగలేదు.

"మా వంటమనిషండి," అన్నాను.

తెక్లా నావైపు చూడలేదు. గిన్నె బల్ల మీద పెట్టింది. పేరేమిటమ్మా అని బెల్మోంతె అడిగాడు.

"అందరూ మానాంగ్ అంటారు అయ్యగారూ," అని, ఇంకొంచెం అన్నం వడ్డించి వెళ్ళిపోయింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. అయిపోయేదే. కానీ నగరానికి ఆఖరి బస్సు సాయంప్రార్థన గంట దాటాక గానీ రాదు. బెల్మోంతె నాలుగు గంటలకే కాగితాలు కట్టేసి వరండాలో కూర్చున్నాడు. అంతా బాగానే ఉంది, రెండు నెలల్లో అనుమతి రావచ్చు అన్నాడు. పొలికార్పో ముఖం వెలిగింది. మాటలు మొదలయ్యాయి. చేపలు, తుపానులు, కోడిపందేలు. తెక్లా కాఫీ తెచ్చింది, తర్వాత కప్పులు తీసుకుపోవడానికి వచ్చింది.

అప్పుడు చర్చి గంట మోగింది. ఎక్కడివాళ్ళం అక్కడ లేచి నిలబడ్డాం. దారి మీద బండి ఆగింది. ప్రార్థన చెప్పుకున్నాం. ప్రార్థన అయ్యాక చిన్నవాళ్ళు పక్కనున్న పెద్దవాళ్ళ చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకోవాలి. మా దగ్గర ఇది ఎవరికీ గుర్తుచేసేది కాదు. తుమ్ము వస్తే ముఖం తిప్పుకున్నట్టు, దానంతట అదే జరుగుతుంది. పొలికార్పో ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి సాయంత్రం ఒకే చేతిని నుదుటికి ఆనించుకున్నాడు. ముప్ఫై ఆరేళ్ళ మనిషి, కాలేజీ ప్రెసిడెంటు, తెల్లకోటు వేసుకున్నవాడు, పక్కకు తిరిగి వంగి తెక్లా చెయ్యి అందుకున్నాడు. నుదురు ఆ చేతికి తాకాక గుర్తొచ్చింది. వంగినవాడు వెంటనే లేవలేదు. లేస్తే బెల్మోంతె ముఖం చూడాలి.

బెల్మోంతె గొడుగు గోడకు ఆనించాడు. "ఈ ఊళ్ళో యజమానులు వంటమనిషికి ఇలా చేస్తారా?" అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు. అదే భరించలేకపోయాను.

జవాబు తెక్లాయే చెప్పింది. "చిన్నప్పుడు ఎత్తుకు తిప్పానండి. తల్లి లేని పిల్లాడు. ఆ అలవాటు పోలేదు పాపం. మంచి బాబు."

బెల్మోంతె తల ఊపాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు సంచి విప్పి స్థలం కాగితం మళ్ళీ బయటికి తీశాడు. యజమానురాలు దేశంలో లేదు కాబట్టి ఈ ఉత్తరం సరిపోదు, ఆమె అక్కడి అధికారి ముందు హాజరై సంతకం పెట్టాలి, అది వచ్చేదాకా ఫైలు కదలదు అన్నాడు. ఎంతకాలం పడుతుందని నియెవెస్ అడిగింది. వచ్చే ఏడు చూద్దాం అన్నాడు.

ఆయన ఊరికే అన్న మాట కాదని నాకు అర్థమైంది. పొలికార్పోకీ అర్థమైంది. అరవై నాలుగు మంది ఏడాది ఒక్క వాక్యం మీద ఆగి ఉంది. దాన్ని పొలికార్పోయే చెప్పాలి. తెక్లా కప్పులు పట్టుకుని తలుపు దగ్గర ఆగింది. వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. దూరంగా బస్సు హారన్ వినిపించింది.

"ఆవిడ హవాయిలో లేరండి," అన్నాడు పొలికార్పో.

"మరెక్కడున్నారు?"

"అక్కడ. కప్పులు పట్టుకుని." అతని గొంతు చిన్నపిల్లాడి గొంతులా సన్నబడింది. "మా అక్క. నన్ను చదివించింది ఆవిడే. ఈ స్థలం ఆవిడదే. పొద్దున్నే చెప్పాల్సింది. సిగ్గుపడ్డాను."

ఆమెను చూసి సిగ్గుపడ్డాడా, తనను చూసి తాను సిగ్గుపడ్డాడా అన్నది అతను విడదీసి చెప్పలేదు. బెల్మోంతె కూడా అడగలేదు. బస్సును ఆపమని నాతో చెప్పి కూర్చుని పెన్ను తీశాడు. నేను దారి మీదికి పరిగెత్తి చెయ్యి ఊపి తిరిగి వచ్చేసరికి తెక్లాను ఎదురుగా కూర్చోబెట్టాడు. ఆ కుర్చీలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"తెక్లా గుంబాన్ అంటే మీరేనా?"

"పొద్దున కాదండి," అంది తెక్లా. "ఇప్పుడు అవునంట."

స్థలం కాలేజీకి ఇష్టపడే ఇస్తున్నారా అని అడిగాడు. ఇష్టం లేకపోతే గోడ కట్టేటప్పుడే చెప్పేదాన్ని కదా అంది. ఎవరైనా బలవంతం చేశారా అన్నాడు. ఆమె తమ్ముడివైపు కాదు, నావైపు చూసింది. లేదంది.

బెల్మోంతె తప్పు పేజీ కొట్టేసి కొత్త పేజీ నా ముందుకు తోశాడు. రాసినవారే దిద్దాలి అన్నాడు. ఎవరు రాశారో ఆయనకు ఎవరూ చెప్పలేదు. పేరు రాశాను, ఊరు రాశాను, వయసు రాశాను. వృత్తి అన్న గడి దగ్గర చెయ్యి ఆగింది.

"పని ఏమని రాయను మానాంగ్?"

"మధ్యాహ్నం చెప్పారు కదా మాస్టారూ," అంది. "అదే రాయండి."

రెండేళ్ళు ఆ మగ్గం పక్కన పడుకున్నవాణ్ణి. నేత అని రాశాను. ఏం రాశానో ఆమె అడగలేదు. కాగితం తిప్పి పెట్టాను. వేలికి సిరా రాసుకుని అద్దింది. తర్వాత ఆ వేలిని బట్టకు తుడుచుకోబోయి ఆగి, కప్పులతో పాటు లోపలికి వెళ్ళింది.

బెల్మోంతెను బస్సు దాకా సాగనంపింది నేనే. మెట్టెక్కుతూ వెనక్కి తిరిగాడు. "ఉత్తరం చాలా బాగా రాశారు. ఇంకెప్పుడైనా పనికొచ్చేదేదైనా రాయండి," అన్నాడు. ఈ నలభయ్యేళ్ళలో ఓడ సరుకుల పట్టీలు తప్ప నేనేమీ రాయలేదు.

జూన్ రెండో వారంలో అనుమతి వచ్చింది. టెలిగ్రామ్ పట్టుకుని పొలికార్పో ముందు నది దగ్గరికే పరిగెత్తాడు. తెక్లా విని, మంచిదే అంది. ఆ రోజు ఆమె కొత్త పడుగు పోస్తోంది. మొదట నుంచి, ఒక్కొక్క పోగూ.

రెండు రోజులే అన్న ఇల్లు రెండు నెలలుగా నది దగ్గరే ఉంది. ఆ ఆదివారం దాన్ని తిరిగి పాత చోటికి మోయాలని పొలికార్పో ఊరందరినీ పిలిచాడు. మెలితోన్ వచ్చాడు, బొంగులు వచ్చాయి, ముప్ఫైమందికి బదులు యాభైమంది వచ్చారు. ఈసారి అసలు సంగతి అందరికీ తెలుసు. మా ఊళ్ళో రెండు నెలలు దాగే రహస్యం ఇంకా పుట్టలేదు. ఎవరూ గిటారు తేలేదు. నేను కిందటిసారి పట్టుకున్న బొంగు దగ్గరే వెళ్ళి నిలబడ్డాను. కాసేపటికి మెలితోన్ పొయ్యివైపు చూశాడు. అందరూ చూశారు. పొయ్యిలో నిప్పు లేదు. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ఇంటివాళ్ళు వండకుండా ఇల్లు లేవదు. ఎవరో రాసిపెట్టిన నిబంధన కాదు, అయినా లేవదు.

నియెవెస్‌కు ముందే అనుమానం వచ్చినట్టుంది. తెల్లవారుజామున లేచి, జీవితంలో మొదటిసారి అంత పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి, కోడి గంజి వండింది. ఇద్దరు పనిపిల్లలు పక్కనున్నా వాళ్ళను ముట్టుకోనివ్వకుండా తనే గిన్నె చెవులు పట్టుకుని వెదురు పొద అవతలికి మోసుకొచ్చింది. అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి. గిన్నె తెక్లా ముందు దించి నిలబడింది. యాభైమంది చేతుల్లో ఖాళీ గిన్నెలు పట్టుకుని తెక్లా మాట కోసం చూశారు. తినండి అని ఆమె అంటే తింటారు, తింటే ఎత్తుతారు.

తెక్లా గరిటెతో కొంచెం తీసుకుని రుచి చూసింది.

"బాగా వండావమ్మా," అంది నియెవెస్‌తో. "అల్లం బాగా పడింది. నీ చేతులకు కొబ్బరినూనె రాసుకో." తర్వాత పొలికార్పోవైపు తిరిగింది. "దీన్ని బడికి పట్టుకెళ్ళి పిల్లలకు పెట్టు కార్పో. దూరం నుంచి నడిచొచ్చేవాళ్ళున్నారు. రేపు మొదటి రోజని ఇవాళే వచ్చి కూర్చున్నారు కొందరు."

"మానాంగ్, ఇల్లు," అన్నాడు పొలికార్పో.

"ఇల్లు ఇక్కడుంది," అంది.

కోపంగా అనలేదు. మగ్గం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. మనుషులు వాన ఎప్పుడు పడుతుందో మాట్లాడుకున్నారు. మెలితోన్ తన బొంగు విప్పుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరే ఎవరి బొంగు వాళ్ళు విప్పుకుని భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. చివరికి పొలికార్పో, నియెవెస్ చెరో చెవి పట్టుకుని గిన్నె ఎత్తారు. నేను సాయం పట్టబోతే నియెవెస్ వద్దని తల ఊపింది.

తెక్లా ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు ఆ ఇంట్లోనే ఉందని తర్వాత రేవుల్లో అందిన ఉత్తరాల వల్ల తెలిసింది. నేను రెండేళ్ళకే ఓడెక్కేశాను. వెళ్ళేముందు ఆమెకు చెప్పి వెళ్ళాలని నది దాకా నడిచి, మగ్గం చప్పుడు విని, వెదురు పొద ఇవతల నుంచే తిరిగి వచ్చాను.

ఆ ఆదివారం మాత్రం గిన్నె షెడ్డు వరండాలో దింపారు. పదిహేను, ఇరవై మంది పిల్లలు చేరారు. ముందుగానే వచ్చినవాళ్ళు, చెప్పుల్లేని కాళ్ళతో, కొత్త పుస్తకాలు గుడ్డలో చుట్టుకుని. నియెవెస్ వడ్డించింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని నాకప్పుడు గుర్తొచ్చింది. వరసలో చివర నిలబడి నేనూ ఒక గిన్నె పెట్టించుకున్నాను. చాలా ఆకలిగా ఉంది. గంజి నిజంగానే బాగుంది. పూర్తిగా తినేశాను.